ముప్పై ఎనిమిది తలుపులు

"ఇది మన ఇంటి మాటే కదా, మావయ్యా?"

కోడలు టీ గ్లాసులు పక్కకి జరిపి షాపు ల్యాప్‌టాప్‌ని మేస్త్రి వైపు తిప్పింది. నుదుటి మీదున్న కళ్లజోడు కిందికి లాక్కుని మేస్త్రి తెరలోకి వంగాడు. ఒకటే అక్షరాలు, చీమల బారులా. ఆమె వేలు పెట్టిన వరుసలో ముందు షాపు మెయిల్ అడ్రసు ఉంది. దాని పక్కనే, ముసుగూ పరదా ఏమీ లేకుండా, పిచ్చిక417.

"నా పేరేంటే అక్కడ?" అంది మేస్త్రి భార్య స్టవ్ దగ్గర నుంచి.

పిచ్చిక ఆవిడ అసలు పేరు కాదు. పెళ్లయిన కొత్తలో మేస్త్రి పెట్టుకున్న ముద్దుపేరు. నాలుగు వందల పదిహేడు, ఆయన సొంతంగా కోసిన మొదటి తాళంచెవి మీద కొట్టిన నంబరు. రెండూ కలిపితే వాళ్ల 'ఇంటి మాట'. కరెంటు బిల్లుకీ అదే, టీవీకీ అదే, షాపు మెయిల్‌కీ అదే. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికి ఆమెకీ చెప్పారు, మనిషిని ఇంట్లో కలుపుకున్నట్టు.

"ఇక్కడెవరు రాశారు దీన్ని?" అన్నాడు మేస్త్రి.

"ఒకళ్లు రాసింది కాదు మావయ్యా. చాలా ఏళ్ల కిందట తాళాలవాళ్ల సైటు ఒకదాంట్లో చేరారు చూడండి, పాత తాళాల బొమ్మలు పంపించుకునేవాళ్లు..."

"అవును. మంచివాళ్లు. చాలా నేర్చుకున్నాను."

"ఆ సైటుని ఎవరో దోచేశారు. చేరినవాళ్లందరి మెయిళ్లూ పాస్‌వర్డులూ లిస్టు కట్టి ఇంటర్నెట్‌లో వదిలేశారు. ఇప్పుడది చేతులు మారుతూ తిరుగుతోంది. నిన్న మా ఆఫీసులో అందర్నీ ఎవరిది వాళ్లు చూసుకోమన్నారు. నాది లేదు. ఊరికే మన షాపుది కొట్టి చూశాను. కంప్యూటర్ల ఆయన ఈ పేజీ తీసిచ్చాడు."

కొడుకు అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "ఎన్నాళ్లైందట వదిలి?" అన్నాడు తలెత్తకుండా.

"ఆరు వారాలు."

ఆరు వారాలంటే ఎంతో లెక్క కట్టుకోవడానికి ఆ ఇంట్లో ఎవరికీ వేళ్లు అక్కర్లేదు. నర్సమ్మ తలుపు తెరుచుకుని తొమ్మిది రోజులైంది.

ఆ తొమ్మిది రోజులూ ఈ ఇంట్లో అన్నం ఎవరి గొంతూ దిగలేదు. రెండో వీధిలో ఒంటరిగా ఉండే రిటైరైన నర్సు తన ఇంట్లోనే మెట్ల కింద పడి ఉంది. తల వెనక దెబ్బ. బంగారం పెట్టె లేదు. తలుపు మీద గీత కూడా పడలేదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి అందర్నీ చూస్తోంది కానీ నోట మాట లేదు. జరిగిందేమిటో చెప్పగలిగింది మేస్త్రి బిగించిన నంబరు తాళం ఒక్కటే. అది చెప్పింది కూడా. పగలు పదకొండూ ఇరవైకి తలుపు తీసింది పొడుగక్క నంబరు.

పొడుగక్క నాలుగిళ్లలో గదులు తుడుస్తుంది. ఆ టైములో వేరే ఇంట్లో మెట్లు కడుగుతున్నానంది. ఆ ఇంటివాళ్లు ఊళ్లో లేరు, చూసినవాళ్లు లేరు. పోలీసులు మేస్త్రిని పిలిచి అడిగితే, ముప్పై ఒక్క ఏళ్లుగా తాళాలు చేస్తున్న మేస్త్రి ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు: మా తాళం అబద్ధం చెప్పదు. కాగితం మీద రాసుకున్నారు. కింద సంతకం పెట్టాడు. ఆ సంతకమే పొడుగక్కని లోపల కూర్చోబెట్టింది.

"మావయ్యా, ఒక్కటడుగుతాను, కోప్పడకండి." కోడలు గొంతు తగ్గించింది. "నర్సమ్మగారి తాళం ఫోన్లో యాప్‌తో కదా నడిచేది. ఆ యాప్ ఎవరి పేరున ఉంది?"

"షాపు పేరున."

"నర్సమ్మగారి పేరున కాదా?"

"ఆవిడకి అవన్నీ ఏం తెలుస్తాయి? ఎవరికి తెలుస్తాయి? నంబరు మర్చిపోతారు, నాకు ఫోన్ చేస్తారు, నేను ఇక్కడ కూర్చుని తీయాలి. పెద్ద బిల్డింగులకి మాస్టర్ కీ ఒకటి మేస్త్రి దగ్గర ఉంచుకోడూ? అలాగే ఇదీ."

"అంటే అందరివీ షాపు పేరునే ఉన్నాయా?"

"అందరివీ."

"ఎన్ని?"

"ముప్పై ఎనిమిది."

"వాటి పాస్‌వర్డు?"

భార్య స్టవ్ ఆపేసింది. "ఏంటే ఆ అడగడం, పోలీసులా! ఇంటి మాటే. ఇంకేం ఉంటుంది?"

చూశారా, ఆయన తప్పు ఆయన పనితనంలోంచే పుట్టింది. ఇంకెవరైనా బద్ధకించి అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. ఈయన శ్రద్ధగా, పద్ధతిగా, ఎవరికీ ఇబ్బంది రాకూడదని కోరి పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క మాస్టర్ కీ పారేసుకోని మనిషి. గుడ్డసంచిలో చుట్టి, లోపలి జేబులో పెట్టి, స్నానానికెళితే కూడా కంటికి కనబడే కొక్కేనికి తగిలించుకునే మనిషి.

"మాస్టర్ కీ మీ జేబులో ఉంటుంది మావయ్యా," అంది కోడలు. "పోతే జేబు ఖాళీ అయిందని తెలుస్తుంది. ఇది పోయినా మన దగ్గర ఉన్నట్టే ఉంటుంది."

కొడుకు గుమ్మం వదిలి వచ్చాడు. "ఊరికే భయపెట్టకు నాన్నని. లిస్టులో ఉన్నంత మాత్రాన ఎవడో వచ్చి మన యాపే తెరుస్తాడా? లక్షల మంది ఉంటారు అందులో."

"కూర్చుని ఒక్కొక్కటీ కొట్టి చూసేది మనుషులు కాదండీ. దానికీ ప్రోగ్రాములున్నాయట. ఒక చోట దొరికిన మాటని వంద చోట్ల పెట్టి చూస్తాయి, ఎక్కడ తెరుచుకుంటే అక్కడ ఆగుతాయి. మన మెయిల్ పేరులోనే తాళాలని ఉంది. ఆగమని మనమే బోర్డు పెట్టినట్టుంది."

ఆమె యాప్ తెరిచింది. ముప్పై ఎనిమిది ఇళ్లు వరుసగా, అడ్రసులతో సహా. నర్సమ్మ ఇల్లు నొక్కింది. కింద పేర్లూ, పేరుకో నంబరూ. నర్సమ్మ, నర్సమ్మ చెల్లెలు, పొడుగక్క. అన్నీ పట్టపగల్లా కనబడుతున్నాయి.

"లోపలికొచ్చినవాడెవడైనా ఈ నంబరు చదువుకోవచ్చు," అంది కోడలు. "చదువుకుని వెళ్లి తలుపు దగ్గర నొక్కొచ్చు. తాళం ఏం చెప్తుంది? పొడుగక్క వచ్చిందనే చెప్తుంది."

మేస్త్రి భార్య కుర్చీలో కూలబడింది. "అయ్యో తల్లీ," అంది. ఆ తల్లి పొడుగక్కో, నర్సమ్మో, తనకే తెలియదు. పొడుగక్కని నర్సమ్మ ఇంట్లో పనికి కుదిర్చింది ఆవిడే.

కోడలు ఇంకో పేజీ తీసింది. ఈ యాప్‌లోకి ఏ ఫోన్ నుంచి ఎవరు ఎప్పుడొచ్చారో రాసి ఉండే పేజీ. మేస్త్రి ఫోన్, షాపు కంప్యూటర్, మళ్లీ మేస్త్రి ఫోన్. మధ్యలో పేరు లేని ఫోన్ ఒకటి. మూడుసార్లు. మూడోసారి తొమ్మిది రోజుల కిందట, పదకొండూ అయిదుకి.

"ఇదిగో," అంది. "మావయ్యా, ఇదిగో. దీన్ని ఫొటో తీయాలి. నా ఫోన్ లోపల చార్జింగ్‌లో ఉంది, ఉండండి."

ఆమె లోపలికి వెళ్లి రావడానికి పట్టింది ఎంతసేపని! గ్లాసుడు మంచినీళ్లు తాగేంత. వచ్చేసరికి ఆమె కుర్చీలో కొడుకు ఉన్నాడు. తెర మీద పేజీ తెల్లగా ఉంది. అందులో ఒకే ఒక్క వరుస: షాపు కంప్యూటర్, ఇప్పుడే.

"ఏం చేశారు?"

"ముందు తలుపులు మూయాలా వద్దా? పాస్‌వర్డ్ మార్చాను. మిగతా ఫోన్లన్నీ బయటికి తోసేశాను."

"పాత వివరాలు?"

"తీసేయమంటారా అని అడిగింది. ఏదో నొక్కాను. చదివానా చచ్చానా, కంగారులో."

"కంగారులోనా? అదొక్కటే మన దగ్గరున్న సాక్ష్యం! అదొక్కటే!"

"అరవకు. పక్కింటికి వినబడుతుంది."

"వినబడనివ్వండి!"

మేస్త్రి కొడుకు వైపే చూస్తున్నాడు. వీడు కొత్త తాళం డబ్బా వస్తే గ్యారంటీ కార్డు చివరి అక్షరం దాకా చదివేవాడు. అచ్చు చిన్నగా ఉంటే భూతద్దం పెట్టుకుని చదివేవాడు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియకపోవచ్చు, తండ్రికి తెలుసు. తెలిసినందుకు ఆ క్షణాన ఆయన మీద ఆయనకే అసహ్యం వేసింది.

"సరే, అయిపోయింది కదా," అన్నాడు కొడుకు కాస్త తగ్గి. "తలుపులన్నీ మూసుకున్నాయి. ఇంకెవడూ రాలేడు. ఇప్పుడిది బయటికెళ్లి చెప్పుకుంటే ఏమవుతుందో ఆలోచించండి నాన్నా. ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లు వచ్చి షట్టర్ ముందు కూర్చుంటారు. ఈ వీధిలో తలెత్తుకుని తిరగగలమా?"

"మరి ఆవిడ?" అంది కోడలు.

"కోర్టులో తేలుతుంది. చేయకపోతే వదిలేస్తారు."

"దేన్ని చూసి వదిలేస్తారండీ? మీరు తుడిచేసిన పేజీని చూసా?"

"నన్ను దొంగని చేస్తున్నావా?"

ఆమె అవుననలేదు, కాదనలేదు. కాపురానికొచ్చిన మూడేళ్లలో వాళ్లిద్దరూ చాలాసార్లే కీచులాడుకున్నారు కానీ, ఈ మౌనం ఆ గొడవల జాతిది కాదు. చల్లారిన టీ మీద మీగడ కడుతుంటే నలుగురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

చివరికి లేచింది మేస్త్రి. గోడకున్న చొక్కా తీసుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు కొడుకు.

"నాకు పని నేర్పిన మేస్త్రి ఒక్కటే చెప్పాడు. నీ తాళం ఓడిపోతే వాళ్లు నీ దగ్గరికొచ్చే లోపు నువ్వే వాళ్ల గుమ్మానికెళ్లి చెప్పమన్నాడు. ఇన్నేళ్లకి ఆ అవసరం ఇవాళొచ్చింది."

"ఆ మాటలు పాత తాళాలకి నాన్నా!"

"మనుషులు పాతవాళ్లే కదరా."

మేస్త్రి భార్య అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "నువ్వెక్కడికమ్మా?" అని కొడుకు అడిగితే, "దాన్ని ఆ ఇంట్లో పెట్టింది నేను. దాని మొహం చూడాలి," అంది. కోడలు లిస్టు పేజీ అచ్చు తీసి మామగారి చేతిలో పెట్టి, గుమ్మం దాకా సాగనంపింది. కొడుకు మాత్రం కదల్లేదు. వీళ్లు వీధి మలుపు తిరిగేదాకా కిటికీలో అతని తల కనబడుతూనే ఉంది.

స్టేషన్ వరండాలో పొడుగాటి బెంచీ. దాని మీద పొడుగక్క. ఎప్పుడూ గుమ్మాలకి తల తగలకుండా వంగి నడిచే మనిషి, కూర్చుంటే ఇంత చిన్నగా ఉంటుందని మేస్త్రి అనుకోలేదు. ఏళ్ల తరబడి ఫినాయిల్ నీళ్లలో నానిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని ఉంది. రేపు మళ్లీ కోర్టుకి తీసుకెళ్తారట.

మేస్త్రి భార్య ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. పొడుగక్క ఆ చేతిని వదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. మేస్త్రినే చూసింది.

"మేస్త్రిగారూ, మీ తాళం మళ్లీ ఏమన్నా చెప్పిందా?"

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అడిగింది. అదే మేస్త్రిని కోసేసింది. ఏడుపొచ్చింది ఆయనకి, వరండాలో అందరి ముందూ.

"తాళం కాదమ్మా. తప్పు చెప్పింది నేను."

ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు, చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నాడు. సైటు, లిస్టు, ఇంటి మాట, ముప్పై ఎనిమిది తలుపులు. అంతా అయ్యాక ఫైల్లోంచి పాత కాగితం తీసి పైకి చదివాడు.

"'మా తాళం అబద్ధం చెప్పదు.' ఇది మీ సంతకమే కదా?"

"నాదే."

"ఇప్పుడు చెప్తుందంటారా?"

"చెప్పదండీ. ఆ నంబరే తలుపు తీసింది. నంబరు నొక్కిన చేయి ఆవిడదే అని మాత్రం నేను చెప్పకూడదు. చెప్పాను. అది నా పొగరు."

ఇన్‌స్పెక్టర్ అచ్చు తీసిన పేజీని అటూ ఇటూ తిప్పాడు. "దీన్లో మీ పాస్‌వర్డ్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ నర్సుగారి ఇంటికి ఎవరో వచ్చారని ఇందులో లేదు. యాప్‌లో పేరు లేని ఫోన్ ఉందన్నారు. చూపించండి."

మేస్త్రి కొత్త పాస్‌వర్డ్‌తో యాప్ తెరిచి ఫోన్ ముందుకి జరిపాడు.

"ఏమీ లేదే?"

"పొద్దున్న ఉంది. పాస్‌వర్డ్ మార్చినప్పుడు పోయింది."

"యాప్ కంపెనీవాళ్లని అడుగుతాం. ఇస్తే ఇస్తారు, వారాలు పడుతుంది. ఈలోపు ఆవిడ లోపలే ఉంటుంది." ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడు. "మార్చిందెవరు?"

"మా అబ్బాయి."

పెన్ను ఆగింది. ఆయన గొంతేమీ మారలేదు. "మేస్త్రిగారూ, లిస్టు చూసి దారినపోయేవాడు వచ్చి ఉండొచ్చు. రాలేదనను. కానీ లిస్టు అవసరం లేకుండానే ఆ మాట తెలిసినవాళ్లు కూడా ఉంటారు కదా. మీ ఇంట్లో అది ఎవరెవరికి తెలుసు?"

"నాకు."

రాసుకున్నాడు.

"నా భార్యకి. కోడలికి."

రాసుకున్నాడు.

"మా అబ్బాయికి."

"నర్సుగారి ఇంటి తలుపు తెరుచుకున్న రోజు, పదకొండూ ఇరవైకి, మీరెక్కడున్నారు?"

"ఆసుపత్రి పక్కన మందుల షాపులో. షట్టర్ తాళం ఇరుక్కుంటే వెళ్లాను. పదకొండున్నరకి మా షాపుకి తిరిగొచ్చాను."

"మీ అబ్బాయి?"

ఆ రోజు మేస్త్రి తిరిగొచ్చేసరికి షాపు షట్టర్ సగానికి దించి ఉంది. లోపల ఎవరూ లేరు. పావుగంట తర్వాత కొడుకు చెమటతో వచ్చి, టీకి వెళ్లానన్నాడు. టీకే వెళ్లి ఉంటాడు. రోజూ వెళ్లేదే. ఎండ మండిపోతోంది, చెమట పట్టక ఏం చేస్తుంది? తొమ్మిది రోజులుగా ఆ సంగతి ఆయనకి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇవాళ పొద్దున ఆ తెల్లటి పేజీ చూశాకే వచ్చింది.

షాపులోనే ఉన్నాడండీ. రెండు ముక్కలు. అంటే చాలు, లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది. అవతల బెంచీ మీద నుంచి పొడుగక్క ఆయన్నే చూస్తోంది. పక్కన భార్య కూడా.

తొమ్మిది రోజుల కిందట ఇదే కుర్చీలో, ఇదే నోటితో, తనకి తెలియనిది తెలిసినట్టు చెప్పాడు. ఇప్పుడు తెలిసింది తెలియనట్టు చెప్పాలి.

"నేనొచ్చేసరికి షట్టర్ సగం దించి ఉంది," అన్నాడు మేస్త్రి. "వాడు లేడు."

ఇన్‌స్పెక్టర్ రాయడం మొదలుపెట్టాడు. రెండు వరుసలే. కాగితం మేస్త్రి వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టాడు.

"చదువుకుని సంతకం పెట్టండి."

మేస్త్రి కళ్లజోడు కిందికి లాక్కున్నాడు. పెన్ను అందుకున్నాడు. అప్పుడు వరండాలో బెంచీ కిర్రుమంది. చెప్పులు బెంచీ కిందే వదిలేసిన అడుగులు గబగబా గుమ్మం దాటి వచ్చాయి. పొడుగక్క కోసమని ఇంట్లోంచి అందరికంటే ముందు చెప్పులేసుకున్న మనిషి, ఆయన పెట్టిన పేరుకి ముప్పై ఏళ్లుగా పలుకుతున్న మనిషి, సంతకం పెట్టాల్సిన చోట అరచేయి ఆనించి నిలబడింది.

"పెట్టకయ్యా," అంది పిచ్చిక. "వాడు మన బిడ్డ."

గుమ్మంలో పొడుగక్క నిలబడి ఉంది. ఈసారి తల వంచలేదు.